ఏడు సీట్లూ ఒక పడవా

కంటితో చూసి బరువు చెప్పడంలో డారిన్ ట్వైట్‌ని మించినవాడు మా కౌంటీలో పుట్టలేదు, ఇక పుట్టబోడు. చేప ఇంకా నీళ్ళలో ఉండగానే గాలపు కర్ర ఎంత వంగిందో చూసి మూడు పౌన్ల రెండు ఔన్సులు అనేవాడు. తూస్తే సరిగ్గా అంతే ఉండేది. దూడల బరువు చెప్పేవాడు. ఇంటి కప్పు మీద పేరుకున్న మంచు బరువు చెప్పేవాడు. ఒకసారి చర్చి విందులో, పాస్టరు గారు భోజనానికి ముందు ఎంత, తరవాత ఎంత అని ఎవరో అడిగితే రెండు అంకెలూ చెప్పాడు. పాస్టరు గారు ఇంటికి వెళ్ళి తూచుకుని, మరుసటి ఆదివారం మితాహారం మీద ప్రసంగించారు. ఇది ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెబుతాను.

అంత లెక్క తెలిసిన మనిషికి బండి కొనడంలో ఇబ్బందేముంటుంది అనుకుంటారు. ఉంది.

డారిన్ బావి మోటార్లు బాగుచేస్తాడు. భార్య హైడీ, సహకార సంఘం ధాన్యం గిడ్డంగిలో లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం. నలుగురు పిల్లలు. హైడీ తల్లి ఆర్డిస్ కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది. మొత్తం ఏడుగురు. వాళ్ళకి రెండు బళ్ళుండేవి: మనుషులకి ఒక వ్యాను, పడవని లాగడానికి ఒక పికప్పు ట్రక్కు. ఆ చలికాలం రెండూ ఒకదాన్ని చూసి ఒకటి పాడయ్యాయి. రోడ్ల మీద చల్లే ఉప్పుకి పికప్పు అడుగు తినేసి, డ్రైవరు కాళ్ళ మధ్య నుంచి మిన్నెసోటా రాష్ట్రం కనిపించేది. వ్యాను ఎడమవైపు మాత్రమే తిరగడానికి ఇష్టపడేది.

రెండు కొనే తాహతు లేదు. అందుకని హైడీ ఒక షరతు పెట్టింది. ఒకటే బండి, మూడు వరసలది. ఏడుగురూ పట్టాలి, పడవని లాగాలి, ఇరవై రెండు వేల డాలర్లు దాటకూడదు. మే నెలలో వాలై చేపల వేట మొదలయ్యే శనివారంలోగా అలాంటిది దొరకాలి. దొరక్కపోతే మామూలు వ్యాను ఇంకొకటి కొనేసి, పడవని వెండెల్‌కి ఇచ్చేయాలి. వెండెల్ హైడీ పెదనాన్న కొడుకు. నాలుగేళ్ళుగా వచ్చినప్పుడల్లా ఆ పడవ వీపు నిమిరి వెళుతున్నాడు.

షరతు పెట్టింది గాని, ఆ సాయంత్రం హైడీ గరాజులోకి వెళ్ళి పడవ మీద కప్పిన టార్పాలిన్ సర్దింది. అది సర్దాల్సిన పరిస్థితిలో ఏమీ లేదు.

ఎందుకంటే డారిన్ నేల మీద మాట్లాడడు. మొండితనం కాదు, కోపం కాదు, మాట రాదంతే. రోజంతటికీ "ఊఁ", "పర్లేదు", "అంతేలే" అనే మూడు మాటలతో సరిపెట్టుకుంటాడు. ఆ మూడింటిలో కూడా రెండు మిగిలిపోయిన రోజులున్నాయి. అదే మనిషి పడవలో కూర్చుని, ఇంజిన్ ఆపి, గాలం నీళ్ళలో వేశాడంటే నోరు విప్పుతాడు. తన తండ్రి సంగతులు, బడిలో తన్నులు తిన్న సంగతులు, దేవుడు ఉన్నాడా లేడా అన్న సంగతి, అన్నీ అక్కడే. పిల్లలకి తండ్రి గురించి తెలిసినదంతా నీళ్ళ మీద తెలిసిందే. హైడీని పెళ్ళాడతావా అని అడిగిందీ పడవలోనే. ఆమె ఔనన్నాక ఒడ్డుకొచ్చి, ఆమె తల్లి ముందు నిలబడి, "పర్లేదు" అన్నాడు.

కాబట్టి పడవ పోతే ఏం పోతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. మా వైపు అలాంటివి అనరు.

వెతుకులాట ఏప్రిల్ మొదట్లో మొదలైంది. డారిన్ ఇంజిన్ చూసేవాడు, హైడీ ధర చూసేది, మూడో వరస ఆర్డిస్ చూసేది. పిల్లలు ముందు వరసల కోసం కొట్టుకుంటారు కనుక చివరికి ఆ మూలకి చేరేది తనేనని ఆమెకి తెలుసు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ, కుడి మోకాలు కొత్తగా వేయించుకున్నది. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, ఊలు సూదులు చంకన పెట్టుకుని, కౌంటీలో అమ్మకానికున్న ప్రతి ఎస్‌యూవీ మూడో వరసలోకీ ఎక్కి కూర్చుంది.

ఎర్రదాంట్లోంచి దిగి, "నా మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. పాత మోకాలు ఏం మాట్లాడుతోందో స్పష్టంగా వినిపించింది," అంది. వెండి రంగుదాంట్లోకి ఎక్కడం తెలిసింది గాని దిగడం తెలియలేదు. ముందు సీటు మడిచే మీట అమ్మకాల మనిషికే దొరకలేదు. అతను లోపలికెళ్ళి పుస్తకం వెతికి తెచ్చేలోగా ఆర్డిస్ ఒక చేతి తొడుగు బొటనవేలితో సహా పూర్తి చేసింది. నీలందాంట్లో చోటు బాగానే ఉంది, ఇంజినే చిన్నది. దాని ముందు నిలబడి డారిన్ చాలాసేపు ఆలోచించి, "పిల్లల సైకిలు లాగుద్ది," అన్నాడు. అన్నీ కుదిరిన నల్లబండి ఒకటుంది గాని, దాని ధర విని హైడీ తలుపు చప్పుడు కాకుండా మూసింది, పసిపిల్ల నిద్రపోతున్న గది తలుపు మూసినట్టు.

మూడో వారంలో తెల్లబండి దొరికింది. ఆరేళ్ళ వయసు, ఇరవై ఒక్క వేల అయిదు వందలు. మూడో వరసలో ఆర్డిస్ కాళ్ళు చాపి, కాఫీ తాగి, రెండో కప్పు కూడా పోసుకుంది. మూడు వేల అయిదు వందల పౌన్ల దాకా లాగుతుందని కాగితం మీద రాసుంది. డారిన్ పడవ ఎంతుంటుందని అమ్మకాల మనిషి అడిగాడు. డారిన్ దూరంగా ఆకాశంలోకి చూసి, ట్రైలరుతో కలిపి రెండు వేల ఆరు వందలన్నాడు.

"అయితే ఒకసారి నా కాటా మీదికి తీసుకురా," అంది హైడీ.

మర్నాడు పొద్దున్న, సోయా లారీలు రెండింటి మధ్య, పొరుగువాళ్ళ ట్రాక్టరు లాక్కొస్తే, పడవ కాటా ఎక్కింది. హైడీ గాజు కిటికీ వెనక కూర్చుని, అందరి లారీలకీ ఇచ్చినట్టే, అంకె అచ్చయిన చీటీ కిటికీలోంచి బయటికి చాపింది. మూడు వేల ఎనిమిది వందల నలభై.

మొదట్లో నేనొక మాటన్నాను, గుర్తుందిగా. అది వెనక్కి తీసుకుంటున్నాను, ప్రమాణంతో సహా. డారిన్ ట్వైట్ జన్మలో ఏ బరువూ సరిగ్గా చెప్పలేదు. పాస్టరు గారు ఆ ఆదివారం ప్రసంగించింది మితాహారం మీద కాదు, నోవహు ఓడ మీద. చేపల విషయంలో అయితే మా కౌంటీలో ఎవరికీ నిజమైన అంకె తెలియదు, చేపలకే తెలుసు.

ఆర్డిస్ ఆ చీటీ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "ఇన్నేళ్ళూ చేపలకి కలిపిన బరువంతా పడవలోంచి తీసినట్టున్నావు, అబ్బాయ్. లెక్క సరిపోయింది," అంది.

పడవలో పెట్టెలన్నీ విప్పి చూశారు. మూడు లంగర్లు, ఒక ఇనప పెనం, పడగొట్టిన పాత చర్చిలో కిటికీలు తేలిగ్గా పైకి లేవడానికి కట్టిన సీసపు గుండ్లు ఆరు, పిల్లలు ఏరిన గులకరాళ్ళ బకెట్లు రెండు. డారిన్ రాళ్ళ బకెట్లు తప్ప అన్నీ దించాడు. మళ్ళీ తూచారు. మూడు వేల ఆరు వందల పది. అది పడవ ఒక్కటే. బండిలో ఏడుగురు మనుషులు కూర్చుంటే లాగే శక్తి ఇంకా తగ్గుతుంది. హైడీ ఆ రెండో చీటీ ఇవ్వకుండా తన జేబులో పెట్టుకుంది. తెల్లబండి వాడికి ఫోన్ చేసి, చాలా బాగుంది గాని వద్దులెండి అని చెప్పింది.

వేటకి పదమూడు రోజులుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం డారిన్ సరస్సు ఒడ్డున, నడుము లోతు నీళ్ళలో, ఊరి రేవు బల్లలు దింపుతున్నాడు. మంచు కరిగాక ఏటా మగవాళ్ళంతా కలిసి చేసే పని. ఒడ్డు మీదికి డాక్టరు పినెల్లి వచ్చాడు. న్యూజెర్సీలో నలభై ఏళ్ళు పళ్ళు పీకి, కిందటేడు రిటైరై, సరస్సు పక్కనున్న భార్య తరఫు ఇంట్లో కాపురం పెట్టిన పెద్దమనిషి. నీళ్ళలో ఉన్న మనిషితో ఒడ్డు మీది నుంచి సూటిగా సంగతిలోకి దిగాడు. తన దగ్గర ఆకుపచ్చ ఎస్‌యూవీ ఉందట, మూడు వరసలది. ఎప్పుడో తెరచాప పడవ కొందామనుకుని, బరువు లాగే సరంజామా అంతా ఫ్యాక్టరీలోనే బిగించిన బండి కొన్నాడట, నూనె చల్లబరిచే అదనపు రేడియేటరుతో సహా. అయిదు వేల పౌన్లు లాగుతుంది. తెరచాప పడవ కొననేలేదు. వెనక పడవ తగిలించే ఇనప గుండుకి ఇంకా రంగు కూడా పోలేదు. పందొమ్మిది వేలు.

డారిన్ గుండె ఎలా కొట్టుకుందంటే చుట్టూ నీళ్ళలో వలయాలు లేచాయి. అయినా మా వైపు మర్యాద తెలిసిన మనిషి కనుక, "అయ్యో, మీకెందుకు శ్రమ," అన్నాడు.

"శ్రమేముంది, ఎలాగూ అమ్మేదే. మీకు కావాలా?"

"ఇంకెవరికైనా ఎక్కువ పనికొస్తుందేమో," అన్నాడు డారిన్.

ఇక మూడోసారి అడగడమే తరువాయి. మూడోసారికి "సరే, మీరింతగా అంటున్నారు గనక" అనాలి. మా వైపు కాఫీ దగ్గర నుంచి పెళ్ళిసంబంధం దాకా అంతే. మొదటిసారికే తీసుకున్నవాడిని జనం మరచిపోరు.

పినెల్లి "సరే" అని వెళ్ళిపోయాడు.

డారిన్ ఆ నీళ్ళలోనే నిలబడ్డాడు. డాక్టరు ఏదో మరచిపోయి కారు దాకా వెళ్ళాడు, తిరిగొస్తాడు అనుకున్నాడు. ఇరవై నిమిషాలకి పెదవులు నీలంగా మారితే మిగతావాళ్ళు పైకి లాగారు.

ఇంటికొచ్చి, దుప్పటి చుట్టుకుని, జరిగింది చెప్పడానికి గంట పట్టింది. హైడీ విని, ఫోను వంటింటి బల్ల మీద, అందరికీ వినబడే చోట పెట్టింది. సోమవారం మోగలేదు. మంగళవారం మోగింది, ఎవరిదో బావి మోటారు పాడైందట. ఆ వారమంతా గడిచింది.

"ఆయనది న్యూజెర్సీ," అంది ఆర్డిస్. "వాళ్ళు రెండోసారికే నమ్మేస్తారు."

నువ్వే వెళ్ళి అడగొచ్చుగా అని హైడీ మెల్లిగా అంది. ఒకసారి వద్దన్న వస్తువుని తిరిగి వెళ్ళి అడగడమంటే డారిన్‌కి చొక్కా లేకుండా చర్చికి వెళ్ళడంతో సమానం. అతను "ఊఁ" అన్నాడు. వెళ్ళలేదు.

ఇదిలా ఉండగా పినెల్లి ఎరల దుకాణం నడిపే వెర్డెల్ దగ్గర తన గోడు చెప్పుకున్నాడు. ఈ ఊరివాళ్ళు తనతో ముభావంగా ఉంటున్నారట. చర్చి కింది గదిలో ఎవరో నిమ్మ మిఠాయి పళ్ళెం చాపితే ఒకటి తీసుకున్నాడట. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా మాట్లాడటం మానేశారట. ముప్ఫై ఏళ్ళుగా ఎరలమ్ముతూ మనిషి స్వభావం ఎరిగిన వెర్డెల్, తప్పెక్కడుందో ఓపికగా చెప్పాడు: ఇక్కడ ఎవరు ఏమన్నా ముందు రెండుసార్లు కాదనాలి డాక్టరు గారూ, మూడోసారికి ఔననాలి. పినెల్లి అది చీటీ మీద రాసుకున్నాడు. తీసుకునేవాడే కాదనాలి, ఇచ్చేవాడు కాదనకూడదు అన్న సంగతి వెర్డెల్ చెప్పలేదు. ఎవరికైనా చెప్పాల్సిన విషయమని అతనికి తోచలేదు.

వేటకి రెండు రోజుల ముందు, గురువారం, వెండెల్ ఫోన్ చేశాడు. శుక్రవారం అయిదింటికి పికప్పుతో వస్తాడట, పడవ తగిలించుకుపోవడానికి. హైడీ సరేనంది. ఫోను పెట్టేసి, ఇంకేమీ అనకుండా, వ్యాను తాళాలు తీసి డారిన్ చేతిలో పెట్టింది. ఆర్డిస్ అప్పటికే కోటు తొడుక్కుంది.

పినెల్లి ఇల్లు పదకొండు మైళ్ళు. ఎడమ మలుపులే చూసుకుని వెళ్ళడం వల్ల పదిహేనైంది. దారి పొడుగునా డారిన్ ఒకే వాక్యం సాధన చేశాడు: మీ బండి నాకు కావాలి. మొదటి రెండు మాటలూ బాగా వచ్చాయి.

వాకిట్లో ఆకుపచ్చ బండి తలుపులు తీసి ఉన్నాయి. డాక్టరు లోపల దుమ్ము దులుపుతున్నాడు. ఆర్డిస్ అలవాటు కొద్దీ ఎవరినీ అడక్కుండా మూడో వరసలోకి ఎక్కింది. డారిన్ టోపీ తీసి గాలి గురించి మాట్లాడాడు. ఈ ఏడు మంచు ఎప్పుడు కరిగిందో, కిందటేడు ఎప్పుడు కరిగిందో చెప్పాడు. వాకిట్లో కంకర బాగుందన్నాడు. హైడీ మోచేత్తో పొడిచింది.

"మీ బండి నాకు కావాలి," అన్నాడు.

పినెల్లి ముఖం ఒక్కసారిగా వెలిగింది. అంతలోనే ఎరల దుకాణంలో వెర్డెల్ చెప్పింది గుర్తొచ్చింది కాబోలు, ఆ వెలుగు ఆర్పుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అబ్బే, మీకెందుకులెండి ఆ శ్రమ."

డారిన్ పాలిపోయాడు. మా వైపు పుచ్చుకోను అనేవాళ్ళుంటారు గాని, ఇవ్వను అనేవాడు ఉండడు. ఇవ్వను అన్నాడంటే నిజంగానే ఇవ్వడు. మేకులు కొట్టేసిన తలుపది. ఆ తలుపుని తట్టడానికి కూడా మా భాషలో మాటల్లేవు. అయినా తట్టాడు.

"మీకు అభ్యంతరం లేకపోతే... కావాలి."

"ఇంకెవరికైనా ఎక్కువ పనికొస్తుందేమో," అన్నాడు పినెల్లి. ఆ మాట రేవు దగ్గర డారిన్ నోటి నుంచి నేర్చుకున్నదే. బాగా వచ్చిందని లోలోపల మురిసిపోయాడు కూడా.

డారిన్ టోపీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఇళ్ళ వెనక సరస్సు కనిపిస్తోంది. దానివైపు చూస్తూ అన్నాడు:

"డాక్టరు గారూ, నా పిల్లలతో నేను మాట్లాడేది పడవలోనే. నేల మీద నాకు మాట రాదు, ఎందుకో తెలీదు. వాళ్ళు పెద్దవాళ్ళయి, మీ నాన్న ఎలాంటోడని ఎవరన్నా అడిగితే, చెప్పడానికి వాళ్ళ దగ్గరేమన్నా ఉండాలిగా. ఈ బండి లేకపోతే పడవ ఉండదు. నాకివ్వండి."

"తీసుకోండి," అన్నాడు పినెల్లి, గబగబా, తాళాలు అతని అరచేతిలో పెట్టి. తరవాత గుర్తొచ్చి, "మీరింతగా అంటున్నారు గనక," అని కలిపాడు.

శుక్రవారం అయిదింటికి వెండెల్ వచ్చాడు. హైడీ కాఫీ ఇచ్చింది, సంగతి చెప్పింది. అతను మనిషి మంచివాడు. పడవ వీపు ఇంకోసారి నిమిరి, ఖాళీ పికప్పు తోలుకుని వెళ్ళిపోయాడు.

శనివారం తెల్లవారుతూనే ఏడుగురూ ఆకుపచ్చ బండెక్కారు. మూడు లంగర్లూ, పెనమూ, చర్చి గుండ్లూ మళ్ళీ పడవలోకి చేరాయి. వెనక మూడు వేల ఎనిమిది వందల నలభై పౌన్లుందని బండికి తెలిసినట్టే లేదు. వంతెన దగ్గరి ఎత్తు మీద డారిన్ ఇంజిన్ చప్పుడు శ్రద్ధగా విని, తల ఊపి, "పర్లేదు," అన్నాడు. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆ ఇంట్లో ఇంకోటి లేదు. పడవలో అయిదుగురికి మించి పట్టరు గనక సగం మంది ముందు, సగం మంది తరవాత, రెండు దఫాలుగా నీళ్ళ మీదికి వెళ్ళారు. చేపలు మధ్యాహ్నానికి నాలుగు పడ్డాయి. వాటి బరువు నేను చెప్పను.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. గురువారం ఆ వాకిట్లో డారిన్ మూడోసారి అడగలేదు. రెండోసారి కాదనిపించుకున్నాక టోపీ పెట్టుకుని, "అంతేలే," అని వ్యాను వైపు నడిచాడు. అప్పుడు ఆకుపచ్చ బండి మూడో వరసలోంచి, తల కూడా ఎత్తకుండా, ఊలు అల్లుకుంటూ ఆర్డిస్ అంది: "డాక్టరు గారూ, మా అల్లుడు మూడోసారి అడుగుతున్నాడు. వినబడటం లేదంతే. నేనైతే ఇక దిగను." తాళాలు ఆమె ఒళ్ళో పడ్డాయి.

పిల్లల గురించి అన్న ఆ మాటలు మాత్రం డారిన్‌వే, ఒక్కటీ నేను కలపలేదు. కాకపోతే అవి అన్నది డాక్టరుతో కాదు, హైడీతో. శనివారం, పడవలో, ఇంజిన్ ఆపాక. నేను వాటిని గురువారానికి జరిపాను.